చిన్నారావు పాసు చేయని ప్యానెల్

జంషెడ్‌పూర్‌లోని భుయ్యాడీహ్ బస్తీలో తెలుగువాళ్ళెవరు పుచ్చకాయ కొన్నా తిన్నగా ఇంటికి పట్టుకెళ్ళేవారు కాదు. దారిలో చిన్నారావు అరుగు దగ్గర ఆగి, కాయని ఆయన ఒళ్ళో పెట్టి, చేతులు కట్టుకుని నిలబడేవారు. ఆయన వేలి కణుపుతో దానిమీద రెండు దెబ్బలు వేసి, చెవి ఆనించి, లోపలినుంచి ఎవరో కబురు చెబుతున్నట్టు కళ్ళు మూసుకుని వినేవాడు. తర్వాత చొక్కా జేబులోంచి సుద్దముక్క తీసి గీత గీసేవాడు. తెల్లగీత పడితే పాసు. ఎర్రగీత పడితే రిజెక్టు, కొన్నవాడు ఆ కాయని బండివాడి మొహాన కొట్టి రావచ్చు. పసుపుగీత పడితే మాత్రం చిక్కే. పసుపంటే హోల్డు. తినకూడదు, పారెయ్యకూడదు. ఆ కాయ ఆ ఇంట్లో ఓ మూల కూర్చుని కుళ్ళిపోయేది.

ఇదంతా ఆయనకు ఉక్కు కంపెనీలో అబ్బిన విద్య. సోంపేట దగ్గర పల్లెనుంచి తండ్రి పనికోసం జంషెడ్‌పూర్ వచ్చి కంపెనీలో కుదిరితే, తండ్రి తర్వాత చిన్నారావు బార్ మిల్లు ఇన్‌స్పెక్షన్‌లో చేరాడు. కాలిన కడ్డీలు వరసగా పరుచుకుని చల్లారుతుంటే, వాటి పక్కన సుత్తి పట్టుకుని నడుస్తూ, ఒక్కోదాన్నీ తట్టి వింటూ, కొసకి రంగు పూస్తూ ఆయన జీవితం గడిచింది. తెలుపు పూసినవి వ్యాగన్లెక్కేవి. ఎరుపు పూసినవి మళ్ళీ కొలిమిలోకి పోయేవి. పసుపు పూసినవాటిని గోడవారగా దొర్లించేవారు, పైవాళ్ళెవరైనా వచ్చి తేల్చేదాకా. రిటైరైన రోజున కంపెనీవాళ్ళు సుత్తి వెనక్కి తీసుకుని గోడగడియారం ఇచ్చారు. ఇంటికొచ్చి గడియారాన్ని కూడా కొట్టి చూసి పసుపు పెట్టాడు. అది ఇప్పటికీ పెట్టెలోనే ఉంది.

బస్తీలో ఆయన మాటకు తిరుగులేదు. మంచాలు, కుక్కర్లు, తలుపు గడియలు, అన్నీ ఆ అరుగు మీంచి వెళ్ళవలసిందే. ఒకసారి ఆదిబాబు అనే ఆయన తన కూతురికి చూసిన పెళ్ళికొడుకునే తీసుకొచ్చి నిలబెట్టాడు. చిన్నారావు మొహమాటపడలేదు. కుర్రాణ్ణి వెనక్కి తిరగమని, వీపు మీద తట్టి, దగ్గమని, ఇస్త్రీ చొక్కా మీద నిలువునా తెల్లగీత గీసి పంపాడు. ఆ జంట ఇప్పుడు ఇద్దరు పిల్లలతో సుఖంగానే ఉంది. ఆ చొక్కా ఉతక్కుండా దాచుకున్నారంటారు గానీ అది నేను నమ్మను.

క్వార్టరు ఖాళీ చేసి భుయ్యాడీహ్‌లో కట్టుకున్న ఇంటికి రావడంతో ఆయన భార్య నూకమ్మకి కష్టాలు మొదలయ్యాయి. కంపెనీ క్వార్టర్లలో కరెంటు పోయేది కాదు. నదికి దగ్గరున్న ఈ బస్తీలో కరెంటు చుట్టపుచూపుగా వచ్చేది.

"క్వార్టర్లో ఉన్నన్నాళ్ళూ ఫేను ఆగితే బయపడీవోళ్ళం," అనేది నూకమ్మ చెమట తుడుచుకుంటూ. "ఇక్కడ ఫేను తిరిగితే బయమేత్తంది, ఎప్పుడాగిపోద్దో అని."

ఇన్వర్టరు కొందామని చిన్నారావు సాక్చి బజారంతా తిరిగాడు. ప్రతి దుకాణంలోనూ ఇన్వర్టర్లని కణుపుతో కొట్టి, చెవి ఆనించి, పెదవి విరిచి, ఎర్రసుద్ద తీశాడు. కొందరు దుకాణదారులు మర్యాదగా బయటికి పంపారు. కొందరు మర్యాద లేకుండా పంపారు.

ఇక వాళ్ళ అబ్బాయి పింటూ. పింటూ చెడ్డవాడు కాదు, సోమరి అంతకన్నా కాదు. ఎస్టీడీ బూత్ పెట్టాడు. బోర్డు రంగు ఆరేలోగా ఊళ్ళో అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చేశాయి. కేసెట్ల దుకాణం పెట్టాడు. సీడీలొచ్చాయి. సీడీలు పెట్టాడు. పాటలన్నీ ఫోన్లలోకి ఎక్కి కూర్చున్నాయి. ఏ వస్తువుకి కాలం చెల్లిపోబోతోందో తెలియాలంటే పింటూ ఏం అమ్ముతున్నాడో చూస్తే చాలని ఆటో నడిపే గోవిందరావు అనేవాడు. అందుకే రెండువేల ఏడో ఏట పింటూ సోలార్ దుకాణం తెరిచాడని తెలిసినప్పుడు బస్తీలో కొందరు ముసలివాళ్ళు తలెత్తి సూర్యుడివంక అనుమానంగా చూశారు.

సరుకు కలకత్తానుంచి తెచ్చాడు. 'సన్ మహారాజా' అని పేరు. అట్టపెట్టె మీద కిరీటం పెట్టుకున్న సూర్యుడు మీసం మెలేస్తుంటాడు. పైన ఓ ప్యానెలు, కింద ఓ బ్యాటరీ, రెండు లైట్లు, ఓ బుల్లి ఫ్యాను. పెద్ద కంపెనీలవాటిలో సగం ధర. చూసినవాళ్ళందరికీ నచ్చింది. చూసినవాళ్ళందరూ ఒకే ప్రశ్న వేశారు: "మీ నాన్న సూసినాడా?"

కాబట్టి పింటూ ఒక ప్యానెలు ఇంటికి మోసుకొచ్చి తండ్రి ముందు పెట్టాడు.

"నాన్నా, బస్ ఏక్ సఫేద్ లకీర్," అన్నాడు. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే కాబట్టి ఇంట్లో తెలుగులో అడిగినా వాడి జవాబు సగం హిందీలోనే వచ్చేది. "ఒక్క తెల్లగీత. బస్తీ మొత్తం కొంటాది."

"గీత ఊరికే పడదురా. కిందెట్టు."

చిన్నారావు చిక్కులో పడ్డది ఆ క్షణంలోనే. గీత గియ్యకపోతే కొడుకు దుకాణం ఈసారి కూడా మూతపడుతుంది. ముప్ఫయ్యో పడిలో పడ్డవాడు, ఇంకో వ్యాపారానికి ఓపిక లేనివాడు. గీస్తే, రేపు ఆ సరుకు పాడైతే, జీవితమంతా తట్టి విని సంపాదించుకున్న మాట ఒక్కరోజులో గంగలో కలుస్తుంది. అప్పుడు కొడుకని గీశాడంటారు. ఆ మాట వినేకన్నా ఆయన కొలిమిలో దూకడానికైనా సిద్ధమే.

కణుపుతో అద్దం మీద కొట్టాడు. ఠంగుమంది. మళ్ళీ కొట్టాడు. పింటూ కళ్ళు మూసుకున్నాడు.

"ఇందులో లోహమేదిరా?"

"సిలికాన్ హై, నాన్నా. ఇసకలోంచి తీత్తారు."

"ఇసకా?" చిన్నారావు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "బతుకంతా ఇనుము సూసినోణ్ణి. ఇసక పాసు సెయ్యమంటావేటి?"

పైగా తేలిగ్గా ఉంది. తేలికైన వస్తువంటే ఆయనకి నమ్మకం లేదు. ఆ మాటకొస్తే ఇనుప ఊళ్ళో ఎవరికీ లేదు. పింటూ పాపం ప్యానెల్ని వెల్డింగు షాపుకి తీసుకెళ్ళి చుట్టూ లావుపాటి ఇనుప యాంగిల్ బిగించి తెచ్చాడు. ఈసారి దాన్ని ఇద్దరు మోయాల్సి వచ్చింది. చిన్నారావు ఇనుముని తట్టాడు. ఆయన మొహం వెలిగింది. ఫ్రేము మీద తెల్లగీత, అద్దం మీద పసుపుగీత పెట్టాడు.

"ఫ్రేము పాసు. గాజు హోల్డు."

మర్నాటికి ఈ సంగతి పాకింది. దుకాణానికి జనం వచ్చారు కూడా. గోవిందరావు ఆటో మీద సామాను వేసుకోవడానికి ఒక ఫ్రేము కొన్నాడు. ఇంకొకాయన మేకల దొడ్డికి రెండు తీసుకున్నాడు. ప్యానెలు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

పింటూ ఓపికకి నేనైతే దణ్ణం పెడతాను. ట్రయలు చూడమని ఆ ఇనుప ఫ్రేము ప్యానెల్నే తమ ఇంటి డాబా మీద బిగించాడు. లైటు వెలగలేదు. మర్నాడూ వెలగలేదు. వారంపాటు చిన్నారావు రోజూ సాయంత్రం లైటు కింద నిలబడి పైకి చూసి, "ఊఁ," అని వెళ్ళిపోయేవాడు. ఆయన జేబులోంచి ఎర్రసుద్ద బయటికొచ్చే వేళకి పింటూ మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కి చూశాడు. ప్యానెలు నిండా గుమ్మడి వడియాలు. ఒక్క అంగుళం ఖాళీ లేదు.

"అమ్మా! యే క్యా హై?"

"ఏటి రా ఏటైంది?" అంది నూకమ్మ, తప్పంతా సూర్యుడిదైనట్టు. "నున్నగుంది, ఏటవాలుగుంది, ఏడెక్కుతంది. ఎండ దానికొక్కదానికే కావాలేటి? ఒడియాలకి అక్కర్నేదేటి? నాకాడైతే ఇది పాసే."

వడియాలు తీశాక లైటు వెలిగింది. బుల్లి ఫ్యాను తిరిగింది. ఆ సాయంత్రం బస్తీ అంతా కరెంటు పోయి కటికచీకటైనప్పుడు నూకమ్మ ఆ ఫ్యాను ముందు కాళ్ళు చాపుకుని కూర్చుంది. క్వార్టరు వదిలాక ఆవిడ మొహంలో అంత హాయి చిన్నారావు చూడలేదు. ఆ తర్వాత ఆవిడ ఆ ఫ్యానుని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. దానికి రోజూ పసుపూ కుంకుమా ఒక్కటే తక్కువ.

"అబ్ తో పాస్?" అన్నాడు పింటూ ఆశగా.

"ఇయ్యాల ఎలిగింది. రేపో? మా కడ్డీలు వంతెనల్లోకి ఎల్లీవి. మనవలు కూడా వాటిమీంచి నడవాలి. ఇదెన్నాళ్ళుంటాదో ఎవుడు సెప్తాడు?"

పింటూ ఆ మాటకోసమే కాచుకున్నట్టు జేబులోంచి తళతళలాడే కార్డు తీసి తండ్రి చేతిలో పెట్టాడు. దాని మీద బంగారురంగులో పెద్ద అంకెలు. ఇరవై అయిదేళ్ళ వారంటీ!

చిన్నారావు కూలబడ్డాడు. ఆయనకి ఇంతవరకు ఎవరూ దేనికీ ఇరవై అయిదేళ్ళ మాట ఇవ్వలేదు. గుండె డాక్టరు ఆరునెలలకి మించి ఎప్పుడూ మాట్లాడలేదు. రెండునెలల కిందట పుట్టిన ఈ మహారాజెవడో ఇరవై అయిదేళ్ళకి పూచీ పడుతున్నాడు! మర్నాడు పొద్దున్నే కార్డు పట్టుకుని సీతారాండేరాలో ఉండే జానకిరామ్ గారింటికి బయల్దేరాడు. జానకిరామ్ ఆ బార్ మిల్లుకే మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. ఇంగ్లీషు కాయితం ఎంత చిన్న అక్షరాల్లో ఉన్నా వదలకుండా చదివే మనిషి.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని కార్డు వెనకవైపు తిప్పాడు. చదువుతూ చదువుతూ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"చిన్నారావ్, వాన తగిలితే ఈ వారంటీ చెల్లదట. వడగళ్ళు తగిలినా చెల్లదు. ఇనుపధూళి, పొగ తగిలితే చెల్లదు."

"మనూళ్ళో పొగేటి సారూ, గాలే అది."

"ఆగు, అసలుది వినలేదు నువ్వు. ఎక్కువసేపు నేరుగా ఎండలో ఉంచరాదు."

"ఎండలోనా?"

"ఎండలోనే."

"మరి ఎక్కడెట్టాలి సారూ?"

"నాకు తెలిసినంతలో బీరువాలో పెట్టమంటున్నాడు." జానకిరామ్ కార్డు మీద ఉన్న కలకత్తా నంబరుకి ఫోను కూడా చేశాడు. అది మోగుతూనే ఉంది గానీ ఎత్తేవాడు లేడు. ఆఖరి వాక్యం చదివి పకపకా నవ్వాడు. "ఏ ఫిర్యాదు ఉన్నా కొన్న దుకాణంలోనే అడగమన్నాడయ్యా. అంటే ఈ ఇరవై అయిదేళ్ళ వారంటీ కలకత్తావాడు కాదు, మీ పింటూ! ఇంక గాజుని కొట్టి ఏం లాభం? కొట్టి చూడవలసింది మీవాణ్ణే."

ఆయన హాస్యానికన్నాడు. కానీ సర్వీసంతా మేనేజరు చెప్పింది ఆర్డరుగానే విన్నవాడు చిన్నారావు.

మర్నాటి పొద్దున్న పింటూ చపాతీ తింటుంటే వెనకనుంచి వచ్చి వీపు మీద కణుపులతో తట్టి చెవి ఆనించాడు. పింటూకి పొలమారింది. వాణ్ణి బజారులో ఒక డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళి, "పచ్చీస్ సాల్ చలేగా?", పాతికేళ్ళు నడుస్తాడా, అని అడిగాడు. డాక్టరు, పింటూ నోట్లో పెట్టిన థర్మామీటరు సంగతి మరిచిపోయి, ముందు గుట్కా మానమని చెప్పండి, తర్వాత మాట్లాడదాం అన్నాడు. శరీరం వరకు ఫరవాలేదనిపించింది. ఇక మిగిలింది లోడు టెస్టు. కడ్డీ ఎంత బరువుకి వంగుతుందో బరువు వేసి చూడాల్సిందే. మనిషికైనా అంతే కదా అనుకున్నాడు.

ఎదురింట్లో జోగమ్మ ఉంటుంది. మొగుడు పోయాక జంతికలు వండి సాక్చి దుకాణాలకు వేసుకుని బతుకుతోంది. పగలంతా పిండి పని, సందెవేళ నూనె దగ్గర కూర్చోవడం. ట్రయలని చెప్పి చిన్నారావే ఆవిడ ఇంటిమీద ఒక ప్యానెలు బిగింపించాడు. తర్వాత నెమ్మదిగా వెళ్ళి ఆవిడ చెవిలో వేశాడు.

"జోగమ్మా, లైటు ఎలగట్లేదని మావోడికి సెప్పు."

"ఎలుగుతంది గదా అన్నయ్యా?"

"ఎలిగినా సెప్పు."

"అబద్దమేటి?"

"అబద్దం కాదు, టెస్టింగు."

జోగమ్మ మొదట్లో జంకింది. పింటూ పరిగెత్తుకొచ్చి, వెలుగుతున్న లైటుని చూసి, తల గోక్కుని, అయినా తీగలన్నీ మళ్ళీ బిగించి వెళ్ళాడు. మర్నాడు ఆవిడకి ధైర్యం వచ్చింది. లైటు మరీ పసుపుగా ఉందంది. ఆపైన వెలుగు వంకరగా పడుతోందంది. బల్లి వచ్చి లైటు మీద కూర్చుంటోంది, బల్లికి వారంటీ ఉందా అని అడిగింది. ఎలాగూ వచ్చాడు కదా అని గుమ్మడికాయ అటకమీంచి దింపించింది, పిండి మరకి పంపించింది, కుళాయి వాషరు మార్పించింది. పింటూ విసుక్కున్నాడు, గొణిగాడు, వచ్చాడు. చిన్నారావు కిటికీ వెనక నిలబడి అంతా చూస్తూ, ఏ బరువుకి ఎంత వంగాడో మనసులో లెక్క వేసుకునేవాడు. నిజం చెప్పాలంటే ఆయనకి గర్వంగానే ఉండేది. పైకి మాత్రం పసుపే.

ఈ బాగోతం ఎన్నాళ్ళు సాగేదో గానీ, ఒకరోజు జోగమ్మే దాన్ని ముగించింది. పింటూ చేతిలో వేడి జంతికలు పెట్టి నిట్టూర్చింది.

"మీ నాన్న టెస్టింగు ఎప్పటికవుద్ది బావూ? నాకాడ సెప్పడానికి రోగాలైపోనాయి."

పింటూ జంతికలు అక్కడే పెట్టేసి ఇంటికొచ్చాడు. కిటికీ వెనక తండ్రి ఇంకా నిలబడే ఉన్నాడు.

"మై సరియా హూఁ క్యా, నాన్నా?" అన్నాడు. "నేను కడ్డీనా?"

"కడ్డీవైతే ఎప్పుడో తేల్చీవోణ్ణిరా."

అనకూడని మాట. అన్నాక గానీ తెలియలేదు ఆయనకి.

"పుట్టినకాణ్ణుంచీ నామీద పసుపే," అన్నాడు పింటూ. హిందీ ఎక్కడికి పోయిందో, ఆ పూట వాడి నోటంట తెలుగే వచ్చింది. "పరీచ్చకెల్తే పసుపు, దుకాణమెడితే పసుపు. ఎర్రదెట్టినా బాగుణ్ణు, ఎటో పోయీవోణ్ణి. నెలాకరికి దుకాణం మూసేత్తన్నాను. నీ సుద్ద నువ్వుంచుకో."

వాడు వెళ్ళిపోయాడు. చిన్నారావు అరుగు మీద కూర్చుండిపోయాడు. మిల్లులో గోడవారన దొర్లించిన పసుపు కడ్డీలు కళ్ళముందు మెదిలాయి. తేల్చేవాడు వస్తాడని వాటిని పక్కన పెట్టేవాళ్ళు. చాలాసార్లు ఎవడూ వచ్చేవాడు కాదు. వానకి తడిసి, ఎండకి ఎండి, తుప్పుపట్టి, చివరికి రంగు వెయ్యకుండానే ఎర్రబడేవి. వాటిలో మంచివెన్నో! అవి ఆయన చేతిమీదుగానే అక్కడికి చేరాయి. ఆయనకి ఏడుపొచ్చింది. అరుగు ముందు ఎవరో పుచ్చకాయ పట్టుకుని నిలబడి ఉన్నారని ఆపుకున్నాడు.

జోగమ్మకి మాత్రం ఈ గొడవలేం పట్టలేదు. ప్యానెల్ని తిరిగి ఇవ్వనంది. "గీత లేకపోతే పీడా పోయింది, పింటూ ఉన్నాడు గదా," అని గీత లేకుండానే కొనేసుకుంది. పింటూ దుకాణంలో అమ్ముడైన మొదటి ప్యానెలు అదే.

చైత్రం చివర కాలబైశాఖి గాలివాన వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి ఆకాశం నల్లబడి, నదివైపునుంచి గాలి లేచి, రేకులు ఎగిరి, వడగళ్ళు పడి, గంటలో అంతా అయిపోయింది. వీధి చివర కరెంటు స్తంభం రోడ్డుకడ్డంగా పడుకుంది. అదెప్పుడు లేస్తుందో ఎవరికీ తెలియదు. జోగమ్మ బురదలో తొక్కుకుంటూ వచ్చింది.

"అన్నయ్యా, లైటు ఎలగట్నేదు."

"టెస్టింగు అయిపోయింది జోగమ్మా."

"నిజంగానే ఎలగట్నేదు! రేపటికి పెద్దార్డరుంది. సీకట్లో నూనెకాడ ఎలగ కూకుంటాను?"

చిన్నారావు నిచ్చెన వేసుకుని ఎక్కాడు. ప్యానెలు వెనకనున్న నల్లడబ్బా మూత తీస్తే గ్లాసుడు నీళ్ళు కారాయి. లోపలంతా మసి. తీగలు కాలి కింద బ్యాటరీ కూడా చచ్చిపోయింది. అలవాటు కొద్దీ అద్దం మీద కొట్టాడు. ఠంగుమంది. మొదటిరోజు విన్న చప్పుడే, ఈషణ్మాత్రం తేడా లేదు. చచ్చినా బతికినా ఒకేలా మోగే వస్తువుని ఇన్నాళ్ళూ చెవి ఆనించి విన్నానా అనుకుంటే ఆయనకి సిగ్గేసింది. తన వేళ్ళవంక తనే చూసుకున్నాడు.

దుకాణానికి వెళ్ళాడు. పింటూ పెట్టెలు తాళ్ళతో కడుతున్నాడు.

"జోగమ్మది పోయిందిరా."

"నాటక్ బంద్ కరో నాన్నా," అన్నాడు పింటూ తలెత్తకుండా.

"నాటకం కాదురా, నిజం."

వాడు మరో పెట్టెకి తాడు బిగించాడు. చిన్నారావు ఏ మొహం పెట్టుకుని బతిమాలతాడు? వంగేదాకా బరువులు వేసింది తనే. విరిగితే ఇంకెవరినంటాడు? కనీసం జోగమ్మకి లాంతరులోకి కిరసనాయిలైనా దొరుకుతుందేమోనని నాలుగు దుకాణాలు తిరిగాడు. గాలివాన తర్వాత దొరుకుతుందా? ఉత్త చేతులతో సందుమలుపు తిరిగేసరికి తన ఇంటి ముందు నూకమ్మ కేకలు వినిపించాయి.

"నా ఫేను! ఓలమ్మో, నా ఫేను!"

డాబా మీద పింటూ ఉన్నాడు. తమ ఇంటి ప్యానెలు బోల్టులు ఊడదీస్తున్నాడు. నిండా చార్జయిన బ్యాటరీని అప్పటికే ఎదురింటికి చేర్చేశాడు.

"దుకాణంలో అన్ని ఉంటే నాదే కావాలేటి రా!"

"ఈ వానకి ఆగింది ఇదొక్కటే అమ్మా. పెట్టెల్లోవి ఏవి ఆగుతాయో నాకేటి తెల్సు?"

చిన్నారావు నిచ్చెన దగ్గర నిలబడి పైకి చూశాడు. "నాటకమన్నావు గదరా?"

"నాటకమే అనుకున్నాను," అన్నాడు పింటూ, పానాతో కుస్తీ పడుతూ. "అయినా ఎల్లి సూడాలి గదా. ఆవిడ మరుగుతున్న నూనెకాడ కూకుంటంది. నిచ్చెన పట్టుకో."

చిన్నారావు నిచ్చెన పట్టుకున్నాడు. ఆ ఇనుప ఫ్రేముతో ప్యానెలు దించేసరికి తండ్రీకొడుకులిద్దరి నడుములూ పడిపోయాయి. బురదలో దాన్ని మోసుకుంటూ వీధి దాటేటప్పుడు ఇద్దరూ రెండుసార్లు జారారు. ఇంత బరువు ఎవడు పెట్టించాడని పింటూ అడగలేదు. అడగనందుకు చిన్నారావు లోలోపల వెయ్యి దణ్ణాలు పెట్టుకున్నాడు.

చీకటి పడేసరికి బస్తీ మొత్తంలో ఒక్క జోగమ్మ వంటింట్లోనే వెలుగుంది. జంతికల వాసన వీధంతా వస్తోంది. చచ్చిన ప్యానెల్ని పింటూ దుప్పట్లో చుట్టి పెట్టుకున్నాడు. పొద్దున్న బండికి దాన్ని భుజాన వేసుకుని కలకత్తా వెళ్ళి, ఆ మహారాజెక్కడున్నా పట్టుకుని, వాడి ముందు నీళ్ళు పోసి చూపించి, వేరే సరుకు తెస్తానన్నాడు. చిన్నారావు బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అక్కడికి గోవిందరావు, వాడి వెనక మరో నలుగురూ వచ్చారు. పగలు జరిగింది అందరూ చూశారు.

"మావా, ఇయ్యాలైనా తేలిందా? పాసా, రిజెక్టా?"

"సరుకు రిజెక్టు," అన్నాడు చిన్నారావు.

"హమ్మయ్య. అయితే కొనొద్దంటావు."

"కొను."

"రిజెక్టు సరుకు కొనమంటావేటి మావా?"

"కొను. పాడవుద్ది. ఆడొత్తాడు."

గోవిందరావు వెనక్కి తిరిగి మిగతావాళ్ళ మొహాలు చూశాడు. చీకట్లో ఎవరి మొహమూ ఎవరికీ కనపడలేదు. లోపల పింటూ అన్నం తింటున్న చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

"ఏటయ్యా," అంది నూకమ్మ లోపల్నుంచి, కొంగుతో మెడ తుడుచుకుంటూ. "ఉడికిపోతన్నాం. మన ఫేనెప్పుడు తిరుగుద్ది?"

"వారంటీ నడుత్తందే. ఓపికపట్టు."

"ఎన్నాళ్ళు నడుత్తాదట?"

"ఇరవై అయిదేళ్ళంట."

నూకమ్మ ఇద్దరినీ కలిపి ఒక తిట్టు తిట్టి, తడుముకుంటూ విసనకర్ర వెతికి తెచ్చి, అన్నం తింటున్న కొడుకు పక్కన కూర్చుని వాడికి విసరడం మొదలుపెట్టింది.